ముక్కు కింద మూడో చక్రం

చిన్న విమానం కథ చెప్పేవాళ్లు సాధారణంగా రెక్కతో మొదలుపెట్టి ఇంజనుతో ముగిస్తారు. చక్రాల సంగతి ఎవరికీ పట్టదు. కానీ సొంత విమానం ఉన్నవాడికి అసలు కష్టాలు నేలమీదే ఎదురవుతాయి. దాన్ని హ్యాంగర్లోంచి బయటికి తీయాలి, రన్‌వే దాకా నడపాలి, దిగాక వంకర పోకుండా ఆపాలి, మళ్లీ తీసుకెళ్లి తాళ్లతో కట్టాలి. పదకొండు మీటర్ల వెడల్పున్న రెక్క, ముప్పాతిక టన్ను బరువు, ఏ పక్క నుంచి గాలి తగిలినా లేవాలని చూసే ఆకారం, ఆనడానికి మూడే మూడు చిన్న చక్రాలు. అందులో రెండు ఎటూ రెక్కల కిందే ఉంటాయి. మూడోది తోక కింద పెట్టాలా, ముక్కు కింద పెట్టాలా అన్న ప్రశ్నకు దొరికిన జవాబే సొంత విమానాన్ని ఆరితేరిన పైలట్ల చేతుల్లోంచి మామూలు మనుషుల చేతుల్లోకి తెచ్చిందని నా వాదన.

విచిత్రమేమిటంటే ముక్కు చక్రం కొత్త ఆలోచన కాదు. 1903లో రైట్ సోదరుల విమానానికి అసలు చక్రాలే లేవు. పట్టా మీద జారి లేచింది, కింది బద్దల మీద దిగింది. 1909 వేసవిలో మాత్రం రెండు దారులూ పక్కపక్కనే కనిపించాయి. జులైలో బ్లేరియో ఇంగ్లీషు ఛానెల్ దాటిన విమానానికి మూడో చక్రం వెనక ఉంది. ఆగస్టులో ఫ్రాన్సులోని రెయిమ్స్ పోటీలో గెలిచిన గ్లెన్ కర్టిస్ విమానానికి ముందుంది. తర్వాతి పాతికేళ్లు బ్లేరియో పద్ధతే నిలిచింది. దానికి తగిన కారణాలున్నాయి. ఇంజను ముందుకు వచ్చింది. బరువైన ఇంజను కింద ఇంకో కాలు అమర్చడం కష్టం, పైగా దాని బరువు, గాలికి అది పెట్టే అడ్డు. తోక కిందికి వాలి ఉంటే ప్రొపెల్లర్ నేలకు ఎత్తుగా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆనాటి విమానాశ్రయం ఒక పెద్ద పచ్చిక మైదానం. గాలి ఎటునుంచి వీస్తే అటు ముఖంగా దిగవచ్చు. తోక కింద ఉన్నది కూడా చాలావాటికి చక్రం కాదు, ఒక చెక్క లేదా ఇనుప బద్ద. అది గడ్డిలో గీసుకుంటూ వచ్చి బ్రేకులా ఆపేది, తోకను తిన్నగా పట్టి ఉంచేది.

కాంక్రీటు రన్‌వే వచ్చాక ఈ అమరిక చెడింది. బద్ద కాంక్రీటును పట్టదు, అందుకని దాని చోట చక్రం వచ్చింది. దిశ ఒక్కటే అయ్యింది కాబట్టి పక్కగాలిలోనూ దిగక తప్పలేదు. అంతవరకు గడ్డి దాచిన లోపం అప్పుడు బయటపడింది. తోకచక్రం విమానంలో గరిమనాభి, అంటే బరువంతా కేంద్రీకరించినట్టుండే చోటు, ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది. దిగేటప్పుడు ముక్కు ఒక పక్కకు కొద్దిగా తిరిగిందనుకోండి, చక్రాల దగ్గర నేల పట్టి ఆపుతుంటే వెనకున్న బరువు మాత్రం పాత దిశలోనే దూసుకుపోతూ విమానాన్ని మరింత తిప్పుతుంది. తిరిగినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. పైలట్ కాళ్లు చుక్కాని పెడల్స్ మీద చురుగ్గా పనిచేయకపోతే విమానం గిర్రున తిరిగి ఒక రెక్క కొస నేలకు కొట్టుకుంటుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. మూడో చక్రం ముక్కు కిందికి వెళితే గరిమనాభి ప్రధాన చక్రాలకు ముందుకు వస్తుంది, అదే సూత్రం తిరగబడి మేలు చేస్తుంది. వెనక నుంచి ఒంటి కర్రతో నెట్టిన బండి పక్కకు తిరగబోతుంది. ముందు నుంచి తాడుతో లాగిన బండి తిన్నగా వెంట వస్తుంది. తేడా అంతే.

ఈ తేడాను మామూలు మనిషి కోసం వాడుకోవాలని పట్టుబట్టినవాడు ఫ్రెడ్ వీక్. అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ నాకాలో ఇంజనీరు. 1934లో సహోద్యోగులతో కలిసి ముక్కు చక్రంతో డబ్ల్యూ-1 అనే చిన్న విమానం తయారుచేశాడు. తర్వాత ఎర్కో కంపెనీలో చేరి రూపొందించిన ఎర్‌కూప్ 1937లో ఎగిరింది. దానికి చుక్కాని పెడల్సే లేవు. చేతిలోని చక్రం తిప్పితే గాల్లో రెక్కల కొసల దగ్గరి పలకలూ చుక్కానీ, నేలమీద ముక్కు చక్రం కలిసి తిరిగేవి, కారు నడిపినట్టే. పక్కగాలిలో ముక్కు వంకరగా ఉండగానే దింపేయవచ్చు. చక్రాలు నేలను తాకగానే, ముందున్న గరిమనాభి విమానాన్ని దానంతటదే రన్‌వే దిశకు మళ్లిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మేసీస్ దుకాణంలో అమ్మకానికి పెట్టిన ఈ విమానం మొత్తం ఐదు వేలకు పైగా తయారైంది.

యుద్ధానంతర సంపద, సైన్యం నుంచి వచ్చిన పైలట్లు, చవకైన ఇంజన్లు ఉన్నాయి కనుక ఘనతంతా చక్రానిది కాదని ఎవరైనా అనవచ్చు. ఆ కారణాలు నిజమే. అయితే వాటిని వేరుచేసి చూసే ప్రయోగాన్ని మార్కెట్టే చేసిపెట్టింది. పైపర్ పేసర్‌కు ముక్కు చక్రం పెట్టి 1951లో ట్రై-పేసర్ అన్నారు. పేసర్ కంటే అది ఎన్నో రెట్లు అమ్ముడైంది. సెస్నా 170 తోకచక్రం విమానం. రెక్క, కేబిన్, ఇంజను దాదాపు అవే ఉంచి, తోకలో కొద్ది మార్పుతో ముక్కు చక్రం పెట్టి 1956లో 172ను మార్కెట్లోకి తెచ్చారు. 170 సుమారు ఐదు వేలు తయారై ఆగిపోయింది. 172 నలభై వేలు దాటింది, నేటికీ తయారవుతోంది. అదే కాలం, అదే కంపెనీ, అలాంటి కొనుగోలుదార్లే. మారింది ప్రధానంగా మూడో చక్రం.

విమానాన్ని చేత్తో కదిలించే పని కూడా ఈ చక్రంతో తేలికైంది. గట్టి నేలమీద చక్రాలను దొర్లించడానికి బరువులో సుమారు రెండు శాతం బలం చాలు. అంటే 750 కిలోల ఖాళీ విమానానికి 15 కిలోల లాగుడు, ఒక్క మనిషి పని. నూటికి రెండు వంతుల ఎగువ వాలు ఉంటే ఇది రెట్టింపవుతుంది. గడ్డిలో ఐదు నుంచి పది శాతం దాకా పోతుంది, అప్పుడు ఇద్దరు ముగ్గురు కావాలి. టోబార్ అనే కడ్డీని ముక్కు చక్రానికి తగిలిస్తే లాగడం, తిప్పడం ఒకే చేతి పని. ఐతే ఆ చక్రానికీ హద్దుంది. సెస్నా 172లో అటూ ఇటూ 30 డిగ్రీలు మించి తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. టోబార్ తగిలించి మరచి ఇంజను స్టార్ట్ చేస్తే ప్రొపెల్లర్ దాన్ని కొడుతుంది. ప్రొపెల్లర్‌ను పిడిలా పట్టుకుని లాగడం మరీ ప్రమాదం. ఇంజనులోని మాగ్నెటోకు బ్యాటరీ అక్కర్లేదు, అది సొంతంగా నిప్పురవ్వ పుట్టిస్తుంది. స్విచ్ ఆపినా, మాగ్నెటోను గ్రౌండ్ చేసే తీగ తెగి ఉంటే ఆ కాస్త తిప్పుడుకే ఇంజను రాజుకోవచ్చు. వెనక్కి నెట్టేటప్పుడు ముక్కు దగ్గరున్నవాడికి తోక కనపడదు, అందుకే రెక్క కొసల దగ్గర మరొకరు నిలబడాలి.

బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ముక్కు చక్రం పైలట్ల కాళ్లను సోమరిగా చేసిందనీ, వేగంగా దిగి ముందుకు వాలితే ఆ సన్నని కాలు విరిగి ప్రొపెల్లర్ నేలకు తగులుతుందనీ పాతకాలం శిక్షకులు అంటారు. రెండో మాట పూర్తిగా నిజం. ప్రధాన చక్రాల మీద దిగి ముక్కును వీలైనంతసేపు పైకి పట్టి ఉంచమని నేర్పేది అందుకే. మొదటి మాటకు మాత్రం నేను ఒప్పుకోను. చిన్న పొరపాటును సరిదిద్దే యంత్రం, అదే పొరపాటును పెంచే యంత్రం ఎదురుగా ఉంటే, రెండోదాన్ని కేవలం క్రమశిక్షణ పేరుతో సమర్థించడం తగదు. తోకచక్రానికి నిజమైన చోటు వేరే ఉంది. గతుకుల పొలాల్లో, రాళ్ల దారుల్లో దాని సాదాతనమే బలం. ఈ విషయం వీక్‌కు బాగా తెలుసు. మందులు చల్లే వ్యవసాయ విమానాలుగా అతను రూపొందించిన ఏజీ-1, పైపర్ పానీ రెండూ తోకచక్రానివే. మామూలు రన్‌వేల కోసం పైపర్ చెరొకీ రూపకల్పనలో పాల్గొన్నప్పుడు చక్రం ముక్కు కింద ఉంది. ఒకే మనిషి నేలను చూసి చక్రాన్ని ఎంచుకున్నాడు.

మన దేశంలోనూ ఇదే మలుపు కనిపిస్తుంది. ఫ్లయింగ్ క్లబ్బుల కోసం విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ తయారుచేసి 1958లో ఎగరేసిన పుష్పక్ తోకచక్రానిది. బెంగళూరులోని వైమానిక పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ రూపొందించగా 1993లో ఎగిరిన హంస శిక్షణ విమానం ముక్కు చక్రానిది. ఇక అమెరికాలో తోకచక్రం విడిగా నేర్వాల్సిన విద్య అయింది: 1991 ఏప్రిల్ 15కు ముందు తోకచక్రం విమానాన్ని సొంతంగా నడిపిన అనుభవం లేని పైలట్‌కు లైసెన్సు ఒక్కటే సరిపోదు. విడిగా శిక్షణ పొంది, తన లాగ్‌బుక్కులో శిక్షకుడి సంతకం చేయించుకున్నాకే దాన్ని నడపాలి.