తెలిసిందంతా ఒకే పేరాలోనా?

ఇంటిపని ముగించుకుని, పిల్లలు పడుకున్నాక పుస్తకం పట్టి దూరవిద్యలో డిగ్రీ చదివే గృహిణుల అసైన్‌మెంట్లు నేను దిద్దుతుంటాను. విషయం తెలియక మార్కులు పోగొట్టుకునేవాళ్లు తక్కువే. తెలిసిందంతా ఒకే పేరాలో కుక్కడంతోనే వస్తుంది చిక్కు.

కందుకూరి వీరేశలింగం గారి సంఘసంస్కరణ గురించి రాయమంటే చాలామంది ఆయన పుట్టిన 1848 నుంచి మొదలెడతారు. బడి, పత్రిక, నవల, వితంతు వివాహాలు... అన్నీ వరసగా దొర్లిపోతాయి. ఇంతకీ మీరేమంటారు? అదొక్కటీ ఉండదు!

మొదటి వాక్యంలోనే మీ మాట చెప్పేయండి. 'వీరేశలింగం సంస్కరణను రాతలతో సరిపెట్టలేదు, చేసి చూపించారు' అని. వెంటనే రుజువు: 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లల బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ పెళ్లి ఎందుకంత ముఖ్యం? వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చినా, వెలికి భయపడి ముందుకొచ్చేవారు అరుదు. కాగితం మీది హక్కును ఆయన పెళ్లిపీటల దాకా తెచ్చారు. మార్కులు తెచ్చేది ఈ వివరణే. తేదీలు గైడులోనూ దొరుకుతాయి, ఆలోచన మీదే కదా!

మరి పుట్టిన ఏడు, నవల సంగతి? ఈ పేరాలో అక్కర్లేదు. కష్టపడి బట్టీపట్టింది కొట్టేయడానికి ప్రాణం ఒప్పదు, నిజమే. నవలకు ఇంకో పేరా కేటాయించండి. రాయడం అయ్యాక పేరాల మొదటి వాక్యాలు మాత్రమే వరసగా చదవండి. మీ వాదన ఎక్కడైనా తెగితే, అక్కడి పేరా మళ్లీ రాయండి.