బాస్కర్విల్ ముద్రాక్షరాలు: రూపం, వినియోగం

రోమన్ లిపి అచ్చు అక్షరాలలో గీతల చివరల కనిపించే చిన్న కొసలను సెరిఫ్‌లు అంటారు. తెలుగు పాఠకులు వీటిని తలకట్టుతో పోల్చుకునే అవకాశం ఉంది. అయితే తలకట్టు అకారాన్ని సూచించే గుర్తు. సెరిఫ్‌కు ఉచ్చారణతో సంబంధం లేదు, తొలగించినా అక్షరం మారదు. అయినప్పటికీ ఆంగ్ల గ్రంథముద్రణలో సెరిఫ్ అక్షరాలదే ప్రధానస్థానం. వాటిలో 18వ శతాబ్దపు ఇంగ్లండులో రూపొందిన బాస్కర్విల్ విశేషంగా పరిశీలించదగినది. అక్షరరూపాన్ని కాగితం, సిరాల నుండి విడదీసి అంచనా వేయడం సాధ్యం కాదని దాని చరిత్ర నిరూపిస్తుంది.

జాన్ బాస్కర్విల్ (1706–1775) బర్మింగ్‌హామ్‌లో చేతిరాత నేర్పాడు, సమాధిఫలకాలపై అక్షరాలు చెక్కాడు, లక్కపూత సామగ్రి వ్యాపారంలో ధనవంతుడయ్యాడు. ఆ తరువాతనే ముద్రణ చేపట్టాడు. అతని నమూనాలను జాన్ హ్యాండీ ఉక్కుపై చెక్కాడు. అప్పటికి ఇంగ్లండులో విస్తృతంగా వాడుకలో ఉన్న క్యాస్లన్ అక్షరాలతో పోలిస్తే వీటిలో లావు గీతకూ సన్న గీతకూ భేదం ఎక్కువ, సెరిఫ్‌ల అంచులు పదును. గుండ్రని అక్షరాల ఒత్తు పక్కకు ఒరగక దాదాపు నిటారుగా నిలుస్తుంది. పెద్ద ‘క్యూ’ తోకలో కలంరాత విలాసం స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంతటి సన్నని గీత గరుకు కాగితంపై నిలవదు. అందువల్ల బాస్కర్విల్ నల్లదనం ఎక్కువగా ఉన్న సిరాను తయారుచేసుకున్నాడు. అచ్చయిన కాగితాలను వేడి పలకల మధ్య నొక్కించి నునుపు చేయించాడు. 1757లో వెలువడిన వర్జిల్ కావ్యసంపుటిలో కొంతభాగానికి జాలిగీతలు లేని కొత్తరకం కాగితం వాడాడు. అక్షరాల అందంగా మనం చెప్పుకొనేదానిలో సగం ఈ ఏర్పాట్లదే.

ఈ అక్షరాలు కళ్లకు హాని చేస్తాయని సమకాలికులు కొందరు ఆక్షేపించారు. అలా విమర్శించిన ఒక పెద్దమనిషిని బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరీక్షించాడు. క్యాస్లన్ నమూనా పత్రం నుండి పేరు చింపివేసి, బాస్కర్విల్‌దని చెప్పి చూపాడు. తాను నిత్యం చదివే అక్షరాలలోనే ఆయన వరుసగా లోపాలు ఎత్తిచూపాడు! 1760లో ఫ్రాంక్లిన్ ఈ సంగతిని బాస్కర్విల్‌కు లేఖలో తెలిపాడు. ఆక్షేపణ పూర్తిగా నిరాధారమని దీనితో తేలదు గాని, అలవాటు ఎంత బలమైన తీర్పరియో తెలుస్తుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రాపకుడిగా అతడు 1763లో బైబిలును ముద్రించాడు. అతని మరణానంతరం అక్షరసామగ్రిని బోమార్షే కొనుగోలు చేసి వోల్టేర్ రచనల ముద్రణకు వినియోగించాడు. ఆపై మరుగునపడిన ఈ రూపాన్ని 1923లో మోనోటైప్ సంస్థ పునరుద్ధరించింది. మూల ఉక్కుముద్రలు 1953లో కేంబ్రిడ్జికి చేరాయి.

1996లో జుజానా లిచ్కో దీని ఆధారంగా ‘మిసెస్ ఈవ్స్’ ఫాంటును రూపొందించినప్పుడు లావు సన్నాల భేదాన్ని తగ్గించింది. నేటికీ తక్కువ స్పష్టత గల తెరపై చిన్న పరిమాణంలో బాస్కర్విల్ సన్నగీతలు వెలిసినట్లు కనిపిస్తాయి. మంచి కాగితంపై, తగినంత పంక్తివిరామంతో అచ్చయిన దీర్ఘగద్యంలో అవే గీతలు పుటకు తేటదనాన్ని ఇస్తాయి.