నీల డాన్యూబు

నాట్యమాడువారి పాదములకై కట్టిన బాణీ తఱచుగ ఆ పాదములతోనే అలసిపోవును. అట్లు అలసిపోని కొలది రచనలలో యొహాన్ స్ట్రౌస్ కుమారుని ‘నీల డాన్యూబు’ వాల్ట్జు ఒకటి. తండ్రి పేరును అదియే, వృత్తియు అదియే. కావున కుమారుడని చెప్పక తప్పదు.

1866 జులైలో ప్రష్యా సేనల చేతిలో ఆస్ట్రియా ఘోరముగ ఓడెను. మఱుసటి శీతకాలమున, 1867 ఫిబ్రవరి 15న, వియన్నాలోని పురుష గాయక సంఘమువారు ఈ వాల్ట్జును తొలిసారి పాడిరి. యోసెఫ్ వైల్ కూర్చిన సాహిత్యము దిగులుపడిన నగరవాసులను ఎకసక్కెమాడు ధోరణిలోనిది. ఆ మాటలను నేడు తలచువారరుదు. ఆ యేడే పారిస్ ప్రపంచ ప్రదర్శన సందర్భమున వాద్యబృందము మాటలు లేకుండ వినిపింపగా, దాని కీర్తి దేశదేశములకు ప్రాకెను.

వాల్ట్జు అనగా మూడు మాత్రల నడక. మన తిశ్రగతికి దగ్గఱి చుట్టము. కాని స్ట్రౌస్ వెంటనే ఆ నడకకు దిగడు. వయొలిన్లు సన్నగ వణకుచుండగ, హారన్ అను ఇత్తడి కొమ్ము ఎచటనో దూరమున మూడు స్వరముల మెట్లెక్కును. మన పరిభాషలో షడ్జ గాంధార పంచమములు. అంతకు మించి ఏమియు లేదు. పైస్థాయిలో పిల్లనగ్రోవులు, వాని తోడి ఊదు వాద్యములు బదులు పలుకును. నడుమ ఒక నీడ క్రమ్మి తొలగును. వేగము పుంజుకొని, మఱల ఆగును. పిదపగాని అసలు నృత్యము మొదలుకాదు. ఈ సంతోషము తలుపు త్రోసికొని వచ్చునది కాదు. గడపకడ సందేహించి నిలిచి, అటుపై లోన అడుగిడును. నా మట్టుకు ఈ రచన ప్రాణమంతయు ఆ సందేహముననే యున్నది.

నృత్యము మొదలైనపిమ్మటను ఆ మూడు స్వరములే. రెండు మార్లు షడ్జమునుండి బయలుదేఱిన బాణీ మూడవ మారు నిషాదమునుండి లేచును. వినువానికి కాలిక్రింది నేల ఒకింత జరిగినట్లుండును. ఇట్టి వాల్ట్జులైదు వరుసగ వచ్చును. కాగితముపై మాత్రలన్నియు సమానములే. వియన్నా వాద్యకారులు మాత్రము రెండవదానిని రవంత ముందుగ తాకుదురు. మన గమకమువలె ఇదియు లిపికి లొంగని సొగసు.

దీనిని వట్టి వినోద సంగీతమని తీసివేయు పెద్దలున్నారు. గంభీర రచనలకు పేరొందిన బ్రామ్స్ అట్లు తలపలేదు. స్ట్రౌస్ ఇంటి స్త్రీ విసనకఱ్ఱపై ఈ బాణీ తొలి స్వరములను వ్రాసి, ఇది తన రచన కాకపోయెనే యని క్రింద చేర్చెనట! ఏటేట జనవరి 1న వియన్నా ఫిల్హార్మోనిక్ కచేరీలో వయొలిన్ల వణకు వినబడగనే సభ కరతాళధ్వనులతో మార్మ్రోగును. నిర్వాహకుడు వాద్యమాపి నూతన సంవత్సర శుభాకాంక్షలు చెప్పి మఱల మొదలిడును.

తుదిలో, నృత్యము ఉధృతమైనవేళ, ఆ తొలి బాణీ మఱొకసారి మెల్లగ, జ్ఞాపకమువలె వచ్చును. స్ట్రౌస్ దానిని ఎంతోసేపు నిలువనీయడు. తాళము పరుగందుకొనును, భేరి మ్రోగును, ముగియును.