థిన్నరు

తలుపులకు రంగు వేయుట మీరు చూచియే యుందురు. డబ్బా మూత తీయగనే రంగు చిక్కగా, అడుగున పేరుకొని యుండును. పనివాడు దానిని పుల్లతో కలిపి, ఒక ద్రవమును కొంచెము పోసి, మరల కలుపును. అప్పుడు రంగు కుంచెకు లొంగి తలుపుపై సమముగా పరచుకొనును. ఆ ద్రవమునకే థిన్నరని పేరు.

ఇది ఆంగ్లభాషాపదము. ఆ భాషలో 'థిన్' అను మాట విశేషణమైనపుడు పలుచని, సన్నని అనియు, క్రియయైనపుడు పలుచన చేయుట అనియు అర్థమిచ్చును. దానికి చేరు 'అర్' అను ప్రత్యయములు రెండు కలవు. రూపమొక్కటే, పనులు వేఱు. 'టీచర్' అనగా బోధించువాడు. అట్లే 'థిన్నర్' అనగా పలుచన చేయునది. 'టాలర్' అనగా అంతకంటె పొడవైనది. అట్లే 'థిన్నర్' అనగా అంతకంటె సన్ననిది. ఒక దారము వేఱొక దారముకంటె సన్నమని చెప్పుటకును ఈ మాటయే వాడుదురు. ఎచ్చట ఏ యర్థము తగునో వాక్యమే తెలుపును. మన తెలుగులోను 'పలుచన' అను మాటకు అర్థభేదములు లేకపోలేదు. నీరు పోసిన మజ్జిగ పలుచనగును. ఆడిన మాట తప్పినవాడును నలుగురిలో పలుచనగును!

థిన్నరనునది ఒకే వస్తువు పేరు కాదు. చేయు పనినిబట్టి వచ్చిన పేరు. గోడలకు వేయు ఎమల్షను రంగులకు నీరే చాలును. నూనెరంగులకు టర్పెంటైను వాడుదురు. పైన్ చెట్ల జిగురునుండి తీయునది ఒక రకము, పెట్రోలియమునుండి తీయునది మఱియొక రకము. కొయ్యసామానుల లక్క పాలిషునకు స్పిరిటు, లాకరు రంగులకు టోలుయీను, ఎసిటోను వంటివి చేరిన ఘాటైన ద్రవము వలయును. నూనెరంగులో నీరు పోసినచో రెండును కలియవు.

పని ముగిసిన పిదప థిన్నరు తలుపుపై నిలువదు, ఆవిరియై పోవును. రంగుపొడియు, దానిని అంటిపెట్టుకొని యుండు బంధకపదార్థమును మాత్రమే మిగులును. ఆవిరియగుటయే దాని గుణము. నీరు తప్ప తక్కిన థిన్నరుల విషయమున అదియే ప్రమాదము. ఆ యావిరి గాలికంటె బరువైనది. నేలవెంట ప్రాకి దూరమున నున్న దీపమునైనను చేరి మండగలదు. పీల్చినచో తలనొప్పి, తలతిరుగుడు కలుగును. కొందఱు తెలియక మత్తుకొఱకు దీనిని పీల్తురు. మెదడును, నరములను అది చెఱచును. ఒక్కసారి పీల్చినను గుండె ఆగి మరణము సంభవింపవచ్చును.

కావున రంగు వేయునపుడు కిటికీలు తెఱచి యుంచవలెను. పొయ్యిని దగ్గఱకు రానీయరాదు. మిగిలిన ద్రవమును మంచినీళ్ల సీసాలో పోయరాదు. చూచుటకు నీటివలె నుండుటచే పిల్లలు త్రాగు ప్రమాదము కలదు. ఎవరైన త్రాగినచో వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నీరును థిన్నరే, నిప్పంటుకొను ద్రవమును థిన్నరే. పేరు విన్నంతనే తృప్తిపడక, అది ఏ ద్రవమో అడిగి తెలిసికొనువాడే వివేకి.