గట్టు రోడ్డు మీద మూడొందల గుర్రాలు

సంక్రాంతికి మూడు నాలుగు రోజుల ముందు రావులపాలెం సెంటర్‌లో ఓ అరగంట నిలబడితే చాలు, డెల్టా పిల్లలు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో నంబరు ప్లేట్లే చెబుతాయి. తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు. వాటి మధ్య ఈ మధ్య నేలకి జానెడెత్తున సాగే కార్లు కూడా కనబడుతున్నాయి: పోర్షేలు, మస్టాంగులు, ఎం సిరీస్ బీఎండబ్ల్యూలు. ఇంజిన్ చప్పుడు ముందొస్తుంది, కారు తర్వాత కనబడుతుంది. భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల మీద నిలదొక్కుకున్న ఇళ్లలోనూ కుర్రాడు ముచ్చటపడ్డాడని కొన్నవి ఉన్నాయి. చెమటోడ్చి సంపాదించుకున్నవాళ్లు ముచ్చట తీర్చుకోవడంలో తప్పేమీ లేదు. నా బాధల్లా ఒక్కటే. కోటి రూపాయల కారు తాళం చేతికిస్తున్నారు గానీ, దాన్ని ఆపడం ఎలాగో ఎవరూ నేర్పడం లేదు.

మన రోడ్లు అలాంటివి మరి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు డెల్టా అంతా పాకాయి. ఆ కాలువ గట్లే చాలాచోట్ల మనకి రోడ్లయ్యాయి. ఓ పక్క నిండుగా పారే కాలువ, ఇంకో పక్క పల్లంలో వరి చేను. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఒక పక్క చక్రాలు మార్జిన్‌లోకి దించక తప్పదు. వాన పడిందంటే ఆ ఒండ్రు మీద టైరు పట్టు దొరకదు. కోతల రోజుల్లో సగం రోడ్డు ధాన్యం ఆరబోతకే పోతుంది. రాశి చుట్టూ అడ్డం పెట్టిన రాళ్లు చీకటి పడితే కనబడవు. ఈ రోడ్ల మీద పుట్టి పెరిగినవాళ్లు యాభైలో ఎంత ఒడుపుగా నడుపుతారో నాకు తెలుసు. కానీ యాభైకి అలవాటైన చేతులు మూడొందల హార్స్‌పవర్ కారులో నూరు దాటితే చాలవు. లైసెన్సు పరీక్షలో మనం నిరూపించేది కారుని వెనక్కీ ముందుకీ తిప్పగలమని మాత్రమే.

వేగంలో కారుని అదుపు చేయడం నేర్పేచోటు మన గోదావరి జిల్లాల్లో లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగినప్పుడు గోదావరి జిల్లాల నుంచి కూడా కుర్రాళ్లు తరలివెళ్లారు. దేశంలో అదే తొలి ఫార్ములా ఈ రేసు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. అదీ ఊరి రోడ్లకి కంచెలు కట్టి జరిపిన రేసే తప్ప శాశ్వతమైన ట్రాక్ కాదు. అందుకే వేగమంటే ఇష్టమున్న తెలుగువాళ్లు గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌కో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో, వాటిల్లో మనకి దగ్గరైన చెన్నైకో వెళ్తారు.

చెన్నై వెళ్లే దారిలోనే అక్కడి రేసుల చరిత్ర ఉంది. రాజమండ్రి నుంచి పదహారో నంబరు హైవే పట్టుకుని పోతే చెన్నై ఇంకాసేపట్లో వస్తుందనగా షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాల రన్‌వే అది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు అక్కడే రేసులు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుంది. సుమారు 3.7 కి.మీ. చుట్టు, పన్నెండు మలుపులు. రేసు నేర్చుకోవాలనుకునేవాళ్లకే కాదు, సొంత కారుని సరిగ్గా నడపాలనుకునేవాళ్లకీ అక్కడ శిక్షణలు జరుగుతుంటాయి. అలాంటి ఓ శిక్షణలో ఒక రోజంతా కూర్చున్నాను.

పాఠం సీటుతో మొదలైంది. వెనక్కి వాలి, ఒంటి చేత్తో స్టీరింగ్ పట్టుకునే దర్జా పోజు మొదటి ఐదు నిమిషాల్లోనే పోయింది. వీపు సీటుకి ఆనాలి. చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. బ్రేకు ఆఖరిదాకా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ ఒక్కో కారు దగ్గరికీ వెళ్లి టైరు పక్క గోడ మీద అచ్చయిన నాలుగంకెలు చదివాడు. 2319 అంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందన్నమాట. ఖరీదైన కార్లు ఏడాదిలో ముప్పాతిక వంతు షెడ్డులోనే ఉంటాయి. గాళ్లు అరగవు, రబ్బరు మాత్రం గట్టిపడిపోతుంది. పైకి కొత్తగా కనబడే పాత టైరు తడి రోడ్డు మీద పట్టు వదిలేస్తుంది. మొత్తం కారు బరువంతా మోసేది, ఆపేది, తిప్పేది ఒక్కో చక్రం కింద నేలని అంటుకున్న అరచేతంత రబ్బరే. ఎన్ని కోట్లు పెట్టినా అంతకు మించి దొరకదు.

తర్వాత బ్రేకు. ఇదే ఆ రోజు మొత్తానికి గుండెకాయ. ట్రాక్ మీద కోన్లు నిలబెట్టారు. నూరు మీద వచ్చి, మొదటి కోన్ దగ్గర బ్రేకు తొక్కి, వీలైనంత త్వరగా ఆపాలి. అంతే. ఎన్నో ఏళ్లుగా కారు నడుపుతున్నవాళ్లు కూడా మొదటిసారి చాలా దూరం దాటిపోయారు. భయంతో తొక్కలేదని కాదు, సగం తొక్కి ఆగిపోయారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేయడం మొదలవగానే పెడల్ కాలి కింద గడగడా కొట్టుకుంటుంది. ఏదో విరిగిపోయిందనుకుని కాలు తీసేస్తారు. పక్క సీట్లోంచి ఇన్‌స్ట్రక్టర్ అరుస్తూనే ఉన్నాడు: "తన్నండి సార్, తన్నండి! కారేం విరగదు, కాలు తీయకండి!"

మంచి టైర్లు, పొడి రోడ్డు ఉంటే అరవై మీద ఉన్న కారు బ్రేకు పడ్డాక పదహారు పద్దెనిమిది మీటర్లలో ఆగుతుంది. నూరు మీద ఉంటే దాదాపు నలభై ఐదు కావాలి. వేగం రెట్టింపయితే ఆపే దూరం నాలుగింతలవుతుంది. దీనికి ముందు, కన్ను చూసి, బుర్ర గ్రహించి, కాలు కదలడానికి ఒక సెకను పట్టిందనుకోండి, నూరు మీద ఆ సెకనులోనే ఇరవై ఎనిమిది మీటర్లు పోయాం. అంతా కలిపితే డెబ్బై పైచిలుకు. మన గట్టు మీద అరటి తోట పక్క మలుపు తిరిగాక ధాన్యం రాశి కనబడే దూరం అందులో సగం కూడా ఉండదు.

మధ్యాహ్నం తడిపిన నేల మీద మలుపుల పాఠం. మలుపులో ఉండగా కంగారుపడి యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీసినా, బ్రేకు తొక్కినా బరువంతా ముందు చక్రాల మీదికి వచ్చేస్తుంది. వెనక చక్రాలు తేలికై పక్కకి జారతాయి. కారు తనంతట తాను తిరిగిపోతుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉందిగా అంటారు. ఉంది, గొప్పదే. కానీ టైరుకి ఉన్న పట్టులోపలే అది ఏమైనా చేయగలదు. అందుకే వేగం తగ్గించుకోవడమన్నది మలుపుకి ముందే, కారు తిన్నగా ఉండగానే అయిపోవాలి.

ఇంకొకటి, చూపు. కారు జారినప్పుడు కళ్లు దేన్ని పట్టుకుంటే చేతులు అటే తిప్పుతాయి. కోన్‌ని చూసినవాడు కోన్‌నే గుద్దాడు. ఖాళీ దారి వైపు చూసినవాడు బయటపడ్డాడు. గట్టు మీద జారినప్పుడు మన కళ్లు ముందు కాలువ వైపే పోతాయి కదా! ఈ ఒక్క పాఠం కోసమైనా ఆ ప్రయాణం చేయొచ్చనిపించింది.

ఇలాంటి బడుల్లో ఒకటి పుట్టింది కూడా ప్రమాదంలోంచే. అమెరికన్ రేసర్ బాబ్ బాండురాంట్ 1967లో రేసు మధ్యలో స్టీరింగ్ భాగం విరిగి ఘోరంగా పడ్డాడు. కోలుకునే రోజుల్లోనే ఆలోచించుకుని 1968లో డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. బీఎండబ్ల్యూ 1977లో తన కార్లు కొన్నవాళ్లకి శిక్షణ మొదలుపెట్టింది. అట్లాంటాలో పోర్షే 2015లో ట్రాక్‌తో సహా ఓ కేంద్రమే తెరిచింది. తెలుగువాళ్లు దండిగా ఉన్న ఊరది. ఎంత నేర్చినవాళ్లకీ ప్రమాదం తప్పదు. సికింద్రాబాద్‌లో పుట్టిన నటుడు అజిత్ 2025 జనవరిలో, యాభై మూడేళ్ల వయసులో, దుబాయ్ 24 గంటల రేసుకి ముందు ప్రాక్టీసులో గోడకి గుద్దుకున్నాడు. అయినా రేసులో ఆయన జట్టు తన విభాగంలో మూడో స్థానం తెచ్చుకుంది.

శిక్షణ పొందితే చాలు, ఇక ఏమీ కాదనుకుంటే మాత్రం ప్రమాదమే. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారుడు నేల మీద కారుని అదుపు చేయడం తప్పనిసరిగా నేర్పారు. కుర్రాళ్లలో ప్రమాదాలు తగ్గలేదు సరికదా, పెరిగాయని తేలింది. నాకు చేతనవునన్న ధీమా వాళ్ల వేగం పెంచేసింది. తర్వాత అక్కడ పాఠమే మార్చారు, జారాక తిప్పుకోవడం కాదు, జారే దాకా తెచ్చుకోకపోవడం అని. మంచి ఇన్‌స్ట్రక్టర్ ఎవరో నేను దీన్ని బట్టే కొలుస్తాను. సాయంత్రానికి శిష్యుడికి ధైర్యం పెంచినవాడు కాదు, లెక్క నేర్పినవాడు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. అందులో నూటికి డెబ్బై ఒక్కటి అతివేగం ఖాతాలోవే. నాలుగు లైన్ల హైవే మీద కార్లకి పరిమితి నూరు. గట్టు రోడ్డుకి అంతకన్నా తక్కువే.

ఆ బ్యాచ్‌లో భీమవరం దగ్గర్నుంచి వచ్చిన ఓ కుర్రాడున్నాడు. తోడుగా వాళ్ల నాన్న. పొద్దుట్నుంచీ చెట్టు కింద కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తున్న ఆ పెద్దాయన సాయంత్రం లేచొచ్చి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాడు: "బాబూ, మా డీజిల్ బండితో నేనూ ఓసారి తొక్కొచ్చా?"

"నీకెందుకు నాన్నా ఇప్పుడు?" అన్నాడు కొడుకు.

"నలభై ఏళ్ల నుంచి గట్టు మీద తిప్పుతున్నాన్రా. బ్రేకు మొత్తం తొక్కితే ఏమవుద్దో ఒక్కసారీ చూళ్లేదు."

ఎనభై మీద రమ్మన్నారు. మొదటిసారి కాలు సగంలో తీసేసి ఆఖరి కోన్ దాటించేశాడు. రెండోసారి పెడల్ కొట్టుకుంటున్నా వదల్లేదు. చాలా ముందే ఆగింది బండి. దిగి, తన టైరుకీ ఆ కోన్‌కీ మధ్య దూరం అడుగులేసి కొలుచుకున్నాడు. తర్వాత ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికెళ్లి, "మా డ్రైవర్ని పంపితే నేర్పుతారా అండీ? పిల్లల్ని స్కూలుకి కాలవ పక్క నుంచే తీసుకెళ్తాడు" అని అడిగి, వచ్చే బ్యాచ్ తేదీ రాయించుకున్నాడు.