డేటాబేసు తలుపు తియ్యనప్పుడు

నిన్నటిదాకా చక్కగా నడిచిన పెర్ల్ స్క్రిప్టు ఇవాళ మైఎస్‌క్యూఎల్‌కి కనెక్ట్ అవ్వనంటుంది. వెంటనే చాలామంది పాస్‌వర్డు మారుస్తారు, అదీ కుదరకపోతే ఫైర్‌వాల్ తీసేస్తారు. అంతకన్నా ముందు చెయ్యవలసింది తెరమీద కనబడే ఎర్రర్ నంబరు చదవడం. జబ్బు ఎక్కడుందో చాలావరకు అదే చెబుతుంది.

లినక్స్ యంత్రాల మీద మైఎస్‌క్యూఎల్ సర్వర్‌ని చేరడానికి ముఖ్యంగా రెండు దారులు. హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్ అని ఇస్తే క్లయింటు నెట్‌వర్కు జోలికి పోదు. అదే యంత్రంలో ఉన్న సాకెట్ ఫైలు ద్వారా మాట్లాడుతుంది. 127.0.0.1 అని ఇస్తే టీసీపీ పద్ధతిలో, మామూలుగా 3306 పోర్టుకి వెళ్తుంది. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం తికమక.

ఇక నంబర్ల సంగతి చూద్దాం.

2002 అంటే సాకెట్ ఫైలు దారిలో చిక్కు. పక్కన బ్రాకెట్లో 2 ఉంటే ఆ ఫైలు అక్కడ లేదు. సర్వర్ ఆగిపోయి ఉండాలి, లేదా సర్వర్ ఒకచోట పెట్టిన ఫైలుని క్లయింటు ఇంకోచోట వెతుకుతుండాలి. 13 ఉంటే అనుమతి లేదని అర్థం.

2003 అంటే టీసీపీ దారిలో చిక్కు. బ్రాకెట్లో 111 ఉంటే అవతలి వైపు కనెక్షన్ని తిరగ్గొట్టారు. సాధారణంగా సర్వర్ నడవడం లేదు, లేదా బైండ్ అడ్రస్ 127.0.0.1కే పరిమితమై ఉంది. 110 ఉంటే అసలు జవాబే రాలేదు. ముందుగా ఫైర్‌వాల్‌ని అనుమానించాలి. పింగ్ పనిచేసినంత మాత్రాన పోర్టు తెరిచి ఉన్నట్టు కాదు. టెల్నెట్‌తో 3306ని తట్టి చూడండి.

1045 వస్తే ఒక రకంగా శుభవార్తే, సర్వర్ దాకా చేరాం. పాస్‌వర్డు చూడాల్సింది ఇప్పుడే. యూజర్ పేరుతో పాటు ఎక్కణ్ణుంచి వస్తున్నారో కూడా సర్వర్ చూస్తుందని మరవకండి.

పీహెచ్‌పీ వాడేవారికి ఒక హెచ్చరిక: అక్కడ టీసీపీ చిక్కుకి కూడా 2002 అనే వస్తుంది. కాబట్టి నంబరుతో పాటు వాక్యం కూడా చదవాలి.

అర్ధరాత్రి ఇంటినుంచి క్లయింటు సర్వర్ సరిచేసేటప్పుడు 3306ని ప్రపంచం మొత్తానికీ తెరిచేద్దామనిపిస్తుంది. ఆ పని చెయ్యకండి. 2017 జనవరిలో ఇలా ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేసిన వేలాది మోంగోడీబీ డేటాబేసులను దుండగులు తుడిచేసి, డబ్బు ఇస్తేనే తిరిగి ఇస్తామన్నారు. దూరం నుంచి పనిచెయ్యాలంటే ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం చాలు: మీ యంత్రంలోని 3307 పోర్టుని అవతలి 3306కి కలపండి. స్క్రిప్టులో హోస్ట్ మాత్రం 127.0.0.1 అనే ఇవ్వండి. లోకల్‌హోస్ట్ అన్నారో, అది సొరంగం వదిలేసి మళ్ళీ సాకెట్ ఫైలు వెతుక్కుంటూ పోతుంది!