బిగింపుకూ ఒక లెక్క ఉంది

తెల్లవారుజామున నాలుగున్నర అయింది. పాలాయన మోటారు సైకిలు బయటికి తీశాడు. రెండు పక్కలా పాల క్యాన్లు కట్టాడు. ఊళ్ళో పాలు పోయించుకుని ఆరున్నరకల్లా పాలకేంద్రానికి చేరాలి. ఆలస్యమైతే పాలు విరిగిపోతాయి. విరిగిన పాలు కేంద్రంలో తీసుకోరు.

బండి నిలిపిన చోట నేల మీద నల్లటి మరక కనిపించింది. వేలితో తాకి చూశాడు. జిడ్డుగా ఉంది. అది ఇంజను ఆయిలు!

ముందు రోజు సాయంత్రం ఏం జరిగిందో గుర్తుకొచ్చింది. ఇంట్లోనే ఆయిలు మార్చాడు. కింద నట్టు బిగించాడు. అయినా ఒక్కో చుక్కా కారుతూనే ఉంది. "సరిగా బిగియలేదేమో" అనుకున్నాడు. స్పానరుకు మూడడుగుల ఇనప గొట్టం తొడిగాడు. బలమంతా పెట్టి లాగాడు. నట్టు బిగుసుకుంది. ఇంకా లాగాడు. ఉన్నట్టుండి చెయ్యి తేలికైపోయింది. నట్టు ఊరికే గిర్రున తిరుగుతోంది. ఎంత తిప్పినా బిగియడం లేదు.

"పొద్దున చూద్దాంలే" అని పడుకున్నాడు. పొద్దుటికి ఆయిలు చాలావరకు నేల పాలైంది.

పాలాయన ఒక మంచి పని చేశాడు. బండి స్టార్టు చెయ్యలేదు. పక్కింటి ఆటోలో పాలు పంపించాడు. ఆ పూట లాభమంతా ఆటో కిరాయికే సరిపోయింది. తర్వాత బండిని నెట్టుకుంటూ మెకానిక్ షెడ్డుకు వెళ్ళాడు.

ఆయిలు లేకపోతే ఏమవుతుంది?

ఇంజనులో పిస్టను నిమిషానికి కొన్ని వేలసార్లు పైకీ కిందికీ కదులుతుంది. ఇనుముకీ ఇనుముకీ మధ్య ఆయిలు పలచటి పొరలా ఉంటుంది. అందుకే అవి రాసుకోవు. ఆయిలు వేడిని కూడా మోసుకుపోతుంది. ఆయిలు లేకుండా బండి నడిపితే లోపలి భాగాలు వేడెక్కి ఒకదానికొకటి పట్టేస్తాయి. దీన్నే మెకానిక్‌లు "ఇంజను సీజైంది" అంటారు. అప్పుడు ఖర్చు వేలల్లో ఉంటుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కారిన ఆయిలు వెనక టైరు మీద పడితే బండి జారిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు.

నట్టు ఎందుకు తిరిగిపోయింది?

మెకానిక్ బండి కింద పళ్ళెం పెట్టాడు. నట్టు తల కింద స్క్రూడ్రైవరు మొన దూర్చాడు. కిందికి లాగుతూ స్పానరుతో తిప్పాడు. నట్టు ఊడి వచ్చింది. దాన్ని గుడ్డతో తుడిచి చూపించాడు. నట్టు చుట్ల మధ్య వెండి రంగు పీచు ఇరుక్కుని ఉంది.

"ఇదేంటి బాబాయ్?" అన్నాడు పాలాయన.

"ఇది నీ ఇంజను చెక్కురా అబ్బాయ్. నట్టు బాగానే ఉంది. ఇంజను మరలు ఊడొచ్చాయి."

అందరూ నట్టు అంటారు గాని, ఇది నిజానికి ఒక బోల్టు. దీన్ని ఉక్కుతో చేస్తారు. ఇంజను అడుగు భాగాన్ని అల్యూమినియంతో చేస్తారు. ఉక్కు గట్టిది. అల్యూమినియం మెత్తనిది. రెండూ పోట్లాడితే ఓడిపోయేది అల్యూమినియమే. పైగా బోల్టు భారమంతా అన్ని చుట్ల మీదా సమానంగా పడదు. తల దగ్గరి మొదటి కొన్ని చుట్లే ఎక్కువ మోస్తాయి. బలం ఎక్కువైతే ముందు అవి తెగుతాయి. తర్వాత మిగిలినవీ వరసగా తెగిపోతాయి.

ఆయిలును ఆపేది ఏది?

మర బిగిస్తే ఆయిలు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మర పని బోల్టును పట్టి ఉంచడం. ఆయిలును ఆపేది వాషరు. బోల్టు తల కింద పలచటి బిళ్ళ ఉంటుంది. అదే వాషరు. దాన్ని రాగితో గాని, అల్యూమినియంతో గాని చేస్తారు. బోల్టు బిగిస్తే అది కొంచెం నలుగుతుంది. సందులన్నీ మూస్తుంది.

ఒకసారి నలిగిన వాషరు గట్టిపడుతుంది. దాని మీద గీతలు, గుంటలు పడతాయి. అదే వాషరు మళ్ళీ వేస్తే సందు మిగిలిపోవచ్చు. ఆ సందులోంచి ఆయిలు చుక్క కారుతుంది. పాలాయన బండికి జరిగింది ఇదే. మార్చవలసింది వాషరు. ఆయన పెంచింది బలం.

ఎంత బలం కావాలి?

చాలా చిన్న బండ్లకు ఈ బోల్టు బిగింపు 25, 30 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. ఏ బండికి ఎంతో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. ఈ లెక్కను సులువుగా ఇలా అర్థం చేసుకోవచ్చు.

జానెడు పొడవున్న స్పానరు తీసుకోండి. దాని చివర 12 కిలోల బరువు వేలాడదీశారనుకోండి. అప్పుడు పడే బిగింపు సుమారు 25 న్యూటన్ మీటర్లు. అంతే చాలు.

ఇప్పుడు స్పానరుకు మూడడుగుల గొట్టం తొడగండి. మూడడుగులంటే నాలుగు జానలు. అదే 12 కిలోల బలం నాలుగు రెట్లవుతుంది. 48 కిలోలతో లాగినట్టే. మన చేతికి మాత్రం ఆ తేడా తెలియదు. పాలాయన బలమంతా పెట్టి లాగాడు. ఇక మెత్తటి అల్యూమినియం ఎలా ఆగుతుంది?

మెకానిక్ ఏం చేశాడు?

"దీనికి మూడు దారులున్నాయి" అన్నాడు మెకానిక్.

ఒకటి, కొంచెం లావు బోల్టు వేయడం. ఇది తొందరగా అయ్యే పని. కాని ఇంజనులో లోహం ఇంకా తగ్గిపోతుంది. మళ్ళీ పాడైతే బాగు చేయడం కష్టం.

రెండు, లేత్ మిషను మీద ఉక్కు బుష్ చేయించి బిగించడం. ఇది గట్టి పనే. కాని చుట్టూ తగినంత మందం ఉండాలి.

మూడు, కాయిలు వేయడం. ఇది పెన్నులోని స్ప్రింగులా కనిపించే ఉక్కు తీగ చుట్ట. దీన్ని రంధ్రంలో కూర్చితే అదే కొత్త మర అవుతుంది. పాత కొలత బోల్టే సరిపోతుంది.

పాలాయన మూడో దారి ఎంచుకున్నాడు.

మెకానిక్ ముందు పాడైన మరను డ్రిల్లుతో తీసేశాడు. డ్రిల్లును నిటారుగా పట్టుకున్నాడు. వంకర పోతే బోల్టు కూడా వంకరగా కూర్చుంటుంది. అప్పుడు వాషరు ఒక పక్కే నలుగుతుంది. తర్వాత ట్యాపుతో కొత్త మర కోశాడు. డ్రిల్లుకూ ట్యాపుకూ గ్రీజు రాశాడు. తెగిన పొట్టు ఆ గ్రీజుకు అంటుకుంటుంది. ఇంజను లోపలికి పోదు. అరచుట్టు ముందుకు, కొంచెం వెనక్కి తిప్పుతూ మధ్యమధ్య ట్యాపు తీసి తుడిచాడు.

ఆ తర్వాత కాయిలును తిప్పుతూ లోపలికి ఎక్కించాడు. కాయిలు చివర చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని విరిచి బయటికి తీసేశాడు. అది లోపల ఉండిపోకూడదు. చివరికి పైనుంచి కాస్త ఆయిలు పోసి, కింది నుంచి వదిలేశాడు. మిగిలిన పొట్టు దాంతో కొట్టుకొచ్చింది.

కొత్త వాషరు వేశాడు. బోల్టును ముందు వేళ్ళతోనే తిప్పాడు. అది సాఫీగా ఎక్కింది. అప్పుడు స్పానరు పట్టాడు. గొట్టం ముట్టలేదు. కొలత ప్రకారం కొత్త ఆయిలు పోశాడు. ఇంజను కాసేపు నడిపి కింద చూశాడు. ఒక్క చుక్క కూడా లేదు.

"ఈ ఉక్కు మర పాతదాని కంటే గట్టిది. అలాగని మళ్ళీ గొట్టం తొడగకు" అన్నాడు మెకానిక్.

"ఇంకెక్కడి గొట్టం బాబాయ్! దాన్ని పందిరికి వేసేస్తా" అని నవ్వాడు పాలాయన.

ఇలాంటి పనులు చేయకండి

కొందరు బోల్టు చుట్టూ నూలు దారం చుడతారు. కొందరు టేపు చుడతారు. కొందరు జిగురు పూస్తారు. తెగిపోయిన మరను ఇవి నిలబెట్టలేవు. బండి అదురుతుంటే బోల్టు దారిలో ఊడి పడవచ్చు. టేపు ముక్కలు, జిగురు ముక్కలు లోపలికి పోతే ఆయిలు దారులు మూసుకుపోతాయి.

పాత ఆయిలును కాలవలో, చేలో పోయకండి. అది నీటినీ నేలనూ పాడు చేస్తుంది. డబ్బాలో పట్టి, పాత ఆయిలు తీసుకునే షెడ్డులో ఇవ్వండి. చేతికి అంటిన ఆయిలును సబ్బుతో కడుక్కోండి.

గుర్తుంచుకోండి

బోల్టు తలకు ఎదురుగా చూస్తే, గడియారం ముల్లు తిరిగే వైపు బిగుస్తుంది. పైనుంచి వంగి చూస్తే ఇది తిరగబడినట్టు అనిపిస్తుంది. విప్పబోయి బిగించేవాళ్ళు చాలామంది. అందుకే ఆగి, చూసి తిప్పండి.

స్పానరు మీద అంకె ఉంటుంది. బోల్టు తలకు సరిపోయే అంకె చూసి వాడండి. వదులు స్పానరు తలను అరగదీస్తుంది.

ఇంజను గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిలు తీయండి. సలసలా కాగుతున్న ఆయిలు చేతిని కాలుస్తుంది.

బోల్టును మొదట వేళ్ళతో ఎక్కించండి. పట్టేస్తే ఆపండి. వెనక్కి తీసి మళ్ళీ మొదలుపెట్టండి.

ఆయిలు మార్చిన ప్రతిసారీ కొత్త వాషరు వేయండి. చుక్క కారితే బలం పెంచకండి. వాషరు చూడండి.

పాలాయన ఇప్పుడు ఆయిలు డబ్బాతో పాటు వాషరు కూడా కొంటున్నాడు. బండితో వచ్చిన పుస్తకం ఇన్నాళ్ళూ పెట్టె అడుగున ఉండేది. ఇప్పుడది గూట్లోకి వచ్చింది. ఆయిలు మార్చేటప్పుడు భార్య దీపం దగ్గర కూర్చుని ఆ పేజీ చదువుతుంది. ఆయన స్పానరు మీది అంకె చూసుకుని పని మొదలుపెడతాడు.

చదివి చెప్పండి

1. ఆయిలును ఆపేది మరా, వాషరా?
2. స్పానరుకు గొట్టం తొడిగితే ఏమవుతుంది?
3. పాలాయన పొద్దున బండి స్టార్టు చేసి ఉంటే ఏం జరిగేది?
4. మీ ఇంట్లో బండి ఉంటే దాని పుస్తకం తీయండి. ఆయిలు కొలత ఏ పేజీలో ఉందో వెతకండి.